ఒకే ఇంకు పెన్ను, వేరువేరు పాళీలు: తెలుగు రాతకీ, బొమ్మలకీ మీరు ఏం వాడుతున్నారు?

చుక్కసిరా

అందరికీ నమస్కారం. నేను రోజూ తెలుగులోనే రాస్తాను. నోట్సు, ఉత్తరాలు, నచ్చి ఎత్తి రాసుకునే పద్యాలు, అన్నీ చేత్తోనే. నా దగ్గరున్నది ఒక్క లామీ సఫారీ ఇంకు పెన్ను, మీడియం పాళీ. రాత హాయిగా సాగుతుంది. కానీ ఒత్తులు ఎక్కువున్న మాటలు చిన్న అక్షరాల్లో రాస్తే లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటివి కాస్త దూరం నుంచి చదవలేను. మీడియం గీతకి అది సహజమే అనుకోండి.

ఈమధ్య అదే పెన్నుతో బొమ్మలు కూడా మొదలుపెట్టాను. చెట్లు, కిటికీలు, కూర్చుని ఉన్న మనుషులు. వాటికి సన్న గీత, లావు గీత రెండూ కావాలి. ఇంకో పెన్ను కొనాలా, ఉన్న పెన్నుకే పాళీలు మార్చుకోవచ్చా? మాటిమాటికీ మారిస్తే పెన్ను పాడవుతుందా? వాడేవాళ్ళు వివరంగా చెప్పండి. పొడుగ్గా రాసినా చదువుతాను.

మొనగాడు

సఫారీ ఉందంటే సగం పని అయినట్టే. పాళీ మార్చడానికి ఇంతకంటే సులువైన పెన్ను నాకు తెలియదు. 1980లో వచ్చిన పెన్ను ఇది, ఇప్పటికీ కొత్తవాళ్ళకి నేను ముందు చెప్పేది దీని పేరే.

దీని పాళీ ఫీడ్ మీద, అంటే కింద ఇంకు అందించే నల్ల ముక్క మీద, జారుతూ కూర్చుంటుంది, అంతే. పాళీ పైన చిన్న టేపు ముక్క అంటించి, తిన్నగా ముందుకి లాగండి. వచ్చేస్తుంది. ఫీడ్ కదలదు, కన్వర్టర్ (లోపల ఇంకు పీల్చి నింపుకునే గొట్టం) తియ్యక్కర్లేదు. కొత్త పాళీ అంచులు రెండూ ఫీడ్ గాడుల్లో పడేలా పెట్టి, బొటనవేలితో వెనక్కి తోస్తే సరి. పక్కకి వంచి లాగకండి, పాళీ ఆకారం మారిపోతుంది. మార్చిన వెంటనే మొదటి రెండు మూడు గీతలు పొడిగా పడితే కంగారు పడొద్దు. కన్వర్టర్‌ని రవ్వంత తిప్పితే ఇంకు పాళీలోకి దిగుతుంది.

ఎక్స్‌ట్రా ఫైన్, ఫైన్, మీడియం, బ్రాడ్, ఎడమచేతివాళ్ళ కోసం ఎల్‌హెచ్, కాలిగ్రఫీకి 1.1, 1.5, 1.9 మిల్లీమీటర్ల పాళీలు, అన్నీ ఆ ఫీడ్ మీదే కూర్చుంటాయి. ఆల్‌స్టార్, విస్టా, స్టూడియో పెన్నులకీ ఇవే సరిపోతాయి. లామీ 2000కి మాత్రం సరిపోవు, దాని అమరికే వేరు.

మీరు ముందు ఎక్స్‌ట్రా ఫైన్ ఒకటి, 1.1 ఒకటి తెచ్చుకోండి. మీడియం ఎలాగూ ఉంది. ఈ మూడింటితో చాలా దూరం వెళ్ళొచ్చు.

గీతలపుస్తకం

బొమ్మల వైపు నుంచి నేను చెప్తాను. పాళీ కంటే ముందు తేల్చుకోవలసింది ఇంకు సంగతి. గీసిన గీతల మీద తర్వాత నీటిరంగులు వేస్తారా?

వేసేట్టయితే మామూలు ఇంకు పనికిరాదు. తడి కుంచె తగలగానే కరిగి, పసుపునీ ఆకుపచ్చనీ మురికి చేసేస్తుంది. పిగ్మెంట్ ఇంకు కావాలి. ప్లాటినమ్ కార్బన్ బ్లాక్, సెయిలర్ కివా-గురో, డి అట్రామెంటిస్ డాక్యుమెంట్, ఇవి ఫౌంటెన్ పెన్నుల కోసమే చేసినవి. వీటిలో రంగు నీళ్ళలో కరిగి ఉండదు, అతి సన్నని నలుసులుగా తేలుతూ ఉంటుంది. ఆరాక ఆ నలుసులు కాగితాన్ని పట్టుకుంటాయి. తర్వాత ఎంత తడిపినా కదలవు. నూడ్లర్స్ బ్లాక్ ఇంకో దారి పడుతుంది. అది కాగితంలోని సెల్యులోజ్‌తో కలిసి నిలుస్తుంది. అందుకే పైన గట్టిగా జిగురు పూత ఉన్న నీటిరంగుల కాగితం మీద దానికి ఎక్కువ ఆరుదల కావాలి. తొందరపడి కుంచె పెడితే పులుముకుంటుంది.

రంగులు వెయ్యకపోతే మాత్రం కరిగే ఇంకంత మంచిది ఇంకోటి లేదు! నీడ పడే వైపు అడ్డగీతలు వేసి, తడి కుంచెతో ఒక్కసారి తాకండి. గీతలు కరిగి బూడిదరంగు నీడ అవుతుంది. కొన్ని నల్ల ఇంకులు తడిస్తే నీలంగా, ఊదాగా విడిపోతాయి. నాకు ముఖాలు వెయ్యడంలో ఎక్కువ ఆనందం అక్కడే.

ఒక మాట గట్టిగా చెప్తున్నాను. ముంచి రాసే పాళీల కోసం అమ్మే ఇండియన్ ఇంకు ఫౌంటెన్ పెన్నులో పొయ్యకండి. అందులో సాధారణంగా లక్క ఉంటుంది. ఫీడ్‌లో ఆరిందంటే నీళ్ళకి రాదు.

చుక్కసిరా

రంగులు వేస్తాను. అయితే రాతకీ బొమ్మకీ ఒకే పిగ్మెంట్ ఇంకు నింపేసుకుంటే సరిపోతుందా?

గీతలపుస్తకం

రోజూ రాసే పెన్ను అయితే నిశ్చింతగా వాడండి. కదులుతున్న ఇంకు గడ్డకట్టదు. వారాల తరబడి పక్కన పెట్టే పెన్నులో మాత్రం వద్దు.

పాతపెన్నులు

మొనగాడు గారి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. పాళీ ఒక్కటే మార్చడం నాకు నచ్చదు. ఎందుకో చెప్తాను.

పాళీ, ఫీడ్ రెండూ కలిసి పనిచేసే జంట. పాళీ కింద నల్లగా కనిపించే ఆ ముక్కలో సన్నని గాడులుంటాయి. ఇంకు ముందుకి వస్తుంది, అది ఖాళీ చేసిన చోటుకి గాలి వెనక్కి వెళ్తుంది. రెండూ ఒకే దారిలో, సమానంగా జరగాలి. 1884లో లూయిస్ వాటర్‌మన్ పేటెంట్ తీసుకున్నది ఈ పనిని అదుపులో పెట్టే ఫీడ్‌కే. గాలి తక్కువ వెళ్తే గీత ఎండిపోతుంది, ఎక్కువ వెళ్తే చుక్క జారుతుంది. కాబట్టి పాళీకీ ఫీడ్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు వచ్చినా రాత మారిపోతుంది.

సఫారీలో పాళీ ఊడదీసేలాగే తయారు చేశారు, ఒప్పుకుంటాను. కానీ బిగుతు మీద నిలబడే పెన్నులు చాలా ఉన్నాయి. ట్విస్‌బీ ఎకో, పైలట్ మెట్రోపాలిటన్, కకునో, వీటిలో పాళీ ఫీడ్ కలిపి పట్టి లాగాలి. శుభ్రం చేయడానికి ఎప్పుడో ఒకసారి లాగితే పరవాలేదు. పొద్దున ఒక పాళీ, సాయంత్రం ఒక పాళీ అంటే ఆ బిగుతు తగ్గుతుంది. ప్లాస్టిక్ ఫీడ్ రెక్కలు సున్నితంగా ఉంటాయి, విరిగితే మళ్ళీ రావు.

నిజంగా మారుస్తూ వాడాలనుకునేవాళ్ళు మర యూనిట్ ఉన్న పెన్ను చూడండి. పెలికాన్ ఎం200లో పాళీ, ఫీడ్, వాటిని పట్టి ఉంచే కాలర్ మూడూ ఒకే ముక్కగా మర తిరిగి ఊడతాయి. ఎం400 బంగారు పాళీ కూడా అదే మరలో ఎక్కుతుంది. పాతవాటిలో ఎస్టర్‌బ్రుక్ జె, 1940లు, 50లలో చాలామంది చేతుల్లో ఉన్న పెన్ను. దాని పాళీ యూనిట్లు లెక్కలేనన్ని రకాల్లో వచ్చాయి. 9తో మొదలయ్యే నంబర్లకి మొన మీద గట్టి లోహం గుండు ఉంటుంది. 1, 2తో మొదలయ్యేవాటిలో స్టీలునే మొన దగ్గర మడిచారు, అవి త్వరగా అరుగుతాయి. కొనేటప్పుడు నంబరు చూసుకోండి.

మొనగాడు

బిగుతు పెన్నుల విషయంలో మీరన్నదే నిజం అండి. కకునో పాళీని నేనూ ఒకసారి అమర్చాక కదిలించను. కాకపోతే ఒక మంచి ఏర్పాటుంది. కకునో, మెట్రోపాలిటన్, ప్రేరా, ప్లూమిక్స్ పాళీలు ఒకదానికొకటి సరిపోతాయి. ప్లూమిక్స్ ఇటాలిక్ (మొన బల్లపరుపుగా ఉండే) పాళీని మెట్రోపాలిటన్‌లో పెట్టుకుని, ఆ పెన్నుని అలాగే ఉంచేసుకునేవాళ్ళు చాలామంది. మార్చడం అంటే రోజూ మార్చడమే కానక్కర్లేదు, మనకి సరిపడే జోడీ కుదుర్చుకోవడం కూడా.

మర యూనిట్ల గురించి ఇంకోటి. చాలా కంపెనీలు పాళీలు సొంతంగా చెయ్యవు, జర్మనీలోని యోవో దగ్గరో, బాక్ దగ్గరో తీసుకుంటాయి. ‘6వ నంబరు పాళీ’ అని రాసుంటే సరిపోతుందని కొనేయకండి. యోవో మర వేరు, బాక్ మర వేరు. ఒకదాని యూనిట్ రెండోదాంట్లో బిగియదు. ఏ కంపెనీ మరో కనుక్కునే కొనండి.

రాతకోతలు

బొమ్మల మాట గీతలపుస్తకం గారు చెప్పారు. నేను తెలుగు అక్షరాల గురించే చెప్తాను. పాళీ సైజుల గురించి ఎక్కడ చదివినా రోమన్ లిపిని మనసులో పెట్టుకుని రాసిన సలహాలే. అవి మన రాతకి తిన్నగా కుదరవు.

మొదటిది సన్నదనం. ‘ద’కి కింద చిన్న గీత పెడితే ‘ధ’, లోపల చుక్క కూడా పెడితే ‘థ’. ఆ చుక్క, ఆ గీత విడిగా కనబడాలంటే అక్షరం ఎత్తుతో పోలిస్తే గీత బాగా సన్నగా ఉండాలి. ‘డ, ఢ’, ‘ప, ష’ కూడా అంతే. పైగా మన ఒత్తులు అసలు అక్షరం కంటే చిన్నవి, లైను కింద ఇరుకులో పడతాయి. మామూలు రూళ్ళ పుస్తకంలో రాసేవాళ్ళకి జపాన్ ఫైన్ గానీ, యూరప్ ఎక్స్‌ట్రా ఫైన్ గానీ సరైన సైజని నా అభిప్రాయం. జపాన్ కంపెనీల ఫైన్ దాదాపు యూరప్ ఎక్స్‌ట్రా ఫైన్ అంత ఉంటుంది. పేరు చూసి కాదు, గీసి చూసి ఎంచుకోవాలి.

రెండోది స్టబ్ పాళీలు. వీటి మొన బల్లపరుపుగా ఉంటుంది. నిలువుగా లాగితే లావు గీత, అడ్డంగా లాగితే సన్న గీత. రోమన్ అక్షరాల్లో నిలువు కర్రలు ఎక్కువ కాబట్టి లావు, సన్నం విడివిడిగా కనబడతాయి. మన అక్షరాల్లో తిన్నటి కర్ర దాదాపు లేదు, అంతా వంపే. అందుకే స్టబ్‌తో ఒక్క సున్న చుట్టినా పక్కలు లావుగా, పైనా కిందా సన్నగా వచ్చి, ఆ మార్పు వంపు పొడుగునా మెల్లగా జరుగుతుంది. ‘ల’, ‘అ’, ‘ఞ’ రాసి చూడండి. అక్షరానికి ఒళ్ళు వచ్చినట్టుంటుంది. నాకు తెలుగు ఇంత అందంగా ఏ ఇతర పాళీతోనూ కనబడలేదు.

చిక్కు ఎక్కడంటే తలకట్టు దగ్గర. తలకట్టు వేసేటప్పుడు చెయ్యి కిందికి దిగి కుడివైపు పైకి లేస్తుంది. ఆ లేచేటప్పుడు పాళీని లాగడం లేదు, తోస్తున్నాం. అంచులు పదునుగా ఉన్న ఇటాలిక్ పాళీ అక్కడ కాగితంలో గుచ్చుకుంటుంది. గుడి చుట్టేటప్పుడూ, వట్రుసుడి తిప్పేటప్పుడూ అదే జరుగుతుంది. అందుకని తెలుగుకి మూలలు నున్నగా గుండ్రం చేసిన స్టబ్ తీసుకోండి, పదును ఇటాలిక్ వద్దు. చెయ్యి కూడా తేలికగా పెట్టాలి.

1.1 స్టబ్ పాళీతో రోజువారీ నోట్సు కుదరదు. ఆ గీతకి తగ్గట్టు అక్షరం పెద్దదవ్వాలి, ఒక్కో వరస వదిలి రాయాలి. పద్యాలు ఎత్తి రాయడానికీ, శీర్షికలకీ, పేర్లకీ మాత్రం బ్రహ్మాండం. చుక్కసిరా గారూ, మీరు పద్యాలు రాసుకుంటానన్నారు కదా, సీసపద్యం ఒక్కటి 1.1తో రాసి ఇక్కడ పెట్టండి.

ఎడమచేతి

నాకు ఇక్కడ చెప్పుకోవలసింది ఒకటుంది. మేం ఎడమచేత్తో రాసేటప్పుడు పాళీని దాదాపు ప్రతి గీతలోనూ తోస్తూనే ఉంటాం. రాతకోతలు గారు తలకట్టు దగ్గర చెప్పిన బాధ మాకు అక్షరమంతా ఉంటుంది. కాబట్టి మాకు మరీ సన్న పాళీ కంటే మొన గుండ్రంగా, నున్నగా ఉన్న ఫైన్ నయం. కాగితాన్ని కుడివైపు కిందికి వాలేలా తిప్పి, చెయ్యి వరస కిందనే ఉంచి రాస్తే ఇంకు అలుక్కోదు. త్వరగా ఆరే ఇంకు, మరీ నున్నగా లేని కాగితం. ఇంతే కావలసింది. ఎడమచేతివాళ్ళకి ఇంకు పెన్ను కుదరదని ఎవరైనా చెప్తే నమ్మకండి.

కొత్తకాగితం

చర్చ చూసి నేనూ చేరుతున్నాను. కొత్తగా మార్చిన ఫైన్ పాళీ కాగితం మీద గీరుతోంది. ఒకవైపు తిప్పితే బాగుంటుంది, ఇంకోవైపు కరకర. ఇంకు మార్చినా అంతే. పాళీ పారెయ్యాలా?

మొనగాడు

పారెయ్యకండి! ఒకవైపే గీరుతోందంటే దాదాపుగా చీలికకి రెండు పక్కలున్న రేకులు సమానంగా లేనట్టు. 10 రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం పట్టుకుని మొనని ఎదురుగా చూడండి. ఒక రేకు పైకి, ఒకటి కిందికి ఉంటుంది. పైకి ఉన్నదాన్ని గోటితో మెల్లగా కిందికి నొక్కి వదలండి, మళ్ళీ చూడండి. ఓపికగా, కొంచెం కొంచెంగా. చాలా పాళీలు ఇంతటితోనే దారికొస్తాయి.

రేకులు సమానంగా ఉన్నా గీరుతుంటే అప్పుడు మైక్రోమెష్ 12000 గ్రిట్ (చాలా నున్నటి రాపిడి గుడ్డ) ముక్క మీద, ఇంకు ఉన్న పెన్నుతోనే, బరువు పెట్టకుండా కొన్ని 8 అంకెలు రాయండి. రాసి, కాగితం మీద చూసి, చాలనిపిస్తే వెంటనే ఆపెయ్యండి. మొన మీదున్న గట్టి లోహం గింజంత కూడా ఉండదు. అరిగింది అతకదు.

ఎక్కువ నున్నగా చేసినా కష్టమే. చీలిక లోపలి అంచులు గుండ్రమైపోతే ఇంకు కాగితాన్ని తాకదు. మొదటి గీత పడదు, కొంచెం నొక్కితేనే పడుతుంది. ఆ లక్షణం కనబడితే రుద్దడం ఆపి, పాళీ పని తెలిసినవాళ్ళకి ఇవ్వాలి.

కొత్తకాగితం

గోటితో నొక్కాను. నిజంగానే ఒక రేకు పైకి ఉంది. ఇప్పుడు రెండు వైపులా ఒకేలా నడుస్తోంది. చాలా థాంక్స్ అండి!

చుక్కసిరా

ఎంత సమాచారం! బొమ్మలకి సంబంధించి ఇంకో సందేహం. ఒక్క గీతలోనే సన్నం నుంచి లావుకి వెళ్ళే పాళీ ఉంటుందా? బొమ్మ మధ్యలో ఆపి పాళీ మార్చడం నాకు కుదిరేలా లేదు. మనిషి లేచి వెళ్ళిపోతాడు.

గీతలపుస్తకం

ఉంది, దాని పేరు ఫుడే పాళీ. మొన పైకి వంచి ఉంటుంది. పెన్ను నిలబెట్టి పట్టుకుంటే సన్న గీత, వాల్చేకొద్దీ లావు. సెయిలర్ వాళ్ళ ఫుడే డె మన్నెన్‌లో 40 డిగ్రీల వంపుతో ఒకటి, 55 డిగ్రీల వంపుతో ఒకటి ఉన్నాయి. చెట్టు కాండానికి వాల్చి ఒక్క లాగు, కొమ్మలకి మెల్లగా నిలబెడుతూ, చిటారు రెమ్మలకి పూర్తిగా నిలువుగా. పెన్ను కాగితం మీంచి తియ్యకుండానే చెట్టు మొత్తం వచ్చేస్తుంది. చేతి కోణమే గీత లావుని నిర్ణయిస్తుంది, నొక్కుడుతో పనిలేదు. కొంతకాలం అలవాటు చేసుకోవాలి. రాతకి మాత్రం దీన్ని వాడమని చెప్పను.

పాళీ మార్చకుండా ఇంకో ఉపాయం, ఉన్న పాళీని బోర్లా తిప్పి గీయడం. గీత సన్నబడుతుంది. ఆ వైపు అంత నున్నగా ఉండదు, ఇంకూ తక్కువొస్తుంది, కానీ కనురెప్పలకీ, దూరంగా ఉన్న తీగలకీ చాలు.

కాగితం గరుకుగా ఉంటే గీత తెగుతుంది, అది కూడా చూసుకోండి. ఇంకు గీతలు ఎక్కువుండే బొమ్మకి నున్నటి హాట్ ప్రెస్ కాగితం, రంగులు ఎక్కువుండే బొమ్మకి కాస్త గరుకైన కోల్డ్ ప్రెస్. మెత్తటి కాగితాల నుంచి పీచు ఊడి చీలికలో ఇరుక్కుంటుంది. గీత ఉన్నట్టుండి లావైతే దాదాపు అదే కారణం, పల్చటి ఇత్తడి రేకుని చీలికలోంచి ఒకసారి లాగితే పోతుంది.

కొత్తకాగితం

నొక్కితే విచ్చుకునే పాళీలు కూడా ఉన్నాయి కదా? కామిక్స్ గీసేవాళ్ళ జీ పాళీని ఫౌంటెన్ పెన్నులో పెట్టొచ్చంటారు.

పాతపెన్నులు

పెట్టొచ్చు. జెబ్రా జీ పాళీని జిన్‌హావో ఎక్స్750లో అమర్చుకుంటారు. వెంట్రుకంత సన్నం నుంచి బాగా లావు దాకా వెళ్తుంది, చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కానీ అది ముంచి రాసి, తుడిచి పెట్టుకోవడానికి చేసిన పాళీ. ఎప్పుడూ ఇంకులో నానితే తుప్పు పడుతుంది. మొన మీద గట్టి లోహం ఉండదు కాబట్టి త్వరగా అరుగుతుంది. మారుస్తూ ఉండాల్సిందేనని ముందే అనుకుని పెట్టుకోండి.

ఆ లావు గీతకి సరిపడా ఇంకు ఫీడ్ ఇవ్వలేకపోతే గీత మధ్యలో తెల్లగా చీలి రెండు పట్టాలుగా పడుతుంది. అలాంటప్పుడు ఎబొనైట్ (గట్టి రబ్బరు) ఫీడ్ మేలు, అది ఇంకుని బాగా పట్టుకుంటుంది. వేడినీళ్ళలో ముంచి పాళీకి అదిమితే దాని వంపుకి తగ్గట్టు సర్దుకుంటుంది కూడా. తెలుగు రాసేటప్పుడు కిందికి లాగే వంపులోనే నొక్కండి, పైకి లేచే తలకట్టులో చెయ్యి పూర్తిగా తేలిక చెయ్యండి. అక్కడ నొక్కితే ఒక రేకు కాగితంలో దిగబడి, ఇంకు చిమ్ముతుంది.

చుక్కసిరా

నా ఏర్పాటు ఇది. సఫారీకి ఎక్స్‌ట్రా ఫైన్, 1.1 తెచ్చుకుంటాను. రాతకి మామూలు నీలం ఇంకే ఉంచుతాను. బొమ్మలకి ఫుడే పెన్ను విడిగా, అందులో పిగ్మెంట్ నలుపు. పాతపెన్నులు గారు చెప్పిన జంట సంగతీ, మొనగాడు గారి టేపు పద్ధతీ రెండూ కలిశాయి. పిగ్మెంట్ ఇంకు పెన్నుని ఎలా కడగాలో ఒక్కటి చెప్పండి, అది మాత్రం ఎవరూ రాయలేదు.

గీతలపుస్తకం

ఇంకు నింపే ప్రతిసారీ మామూలు నీళ్ళు రెండు మూడుసార్లు పీల్చి వదలండి, అలవాటుగా. నెలకోసారి పూర్తిగా కడగండి. నీళ్ళు తేటగా వచ్చినా ఫీడ్ గాడుల్లో నలుసులు ఉంటాయి, కాబట్టి గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఒక్క చుక్క కలిపిన నీళ్ళలో పాళీ భాగాన్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున మళ్ళీ మంచి నీళ్ళు ఆడించండి. సబ్బు పూర్తిగా పోవాలి, మిగిలితే తర్వాతి ఇంకు కాగితం మీద పాకుతుంది. మరిగే నీళ్ళు, స్పిరిట్ వాడొద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది. మొనని కిందికి చేసి మెత్తటి గుడ్డలో నిలబెడితే మిగిలిన తడి అదే లాగేస్తుంది. వాడనప్పుడు మూత గట్టిగా పెట్టండి.

సఫారీలో ఊడదీసిన పాళీలని కూడా ఇంకుతో అలా పక్కన పెట్టకండి. వెంటనే కడిగి, తుడిచి, చిన్న డబ్బాలో.

రాతకోతలు

సీసపద్యం మర్చిపోకండి. 1.1 రాగానే.